రుమాలు కింద గింజలు

పొద్దున్నే గ్రూపులో వార్త వచ్చింది. దాని కింద వరసగా జోడించిన చేతులు, దీపాలు, తెల్ల పూలు. ఓం శాంతి అని కొందరు తెలుగులో, ఎక్కువమంది హిందీలో పెట్టారు. నేనూ పెడదామని ఫోను తీసుకున్నాను. వేలు కదల్లేదు. ఫోను బల్ల మీద బోర్లించి పప్పు కడగడానికి వెళ్ళిపోయాను.

మనిషి పోయాడంటే అయ్యో అనాలి. నాకు రాలేదు. రానిదాన్ని తెచ్చిపెట్టుకోవడం నాకు చేతకాదు. కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడితే నాకు గుర్తొచ్చినవి ఒక గళ్ళ రుమాలు, ఎప్పుడూ తడిగా ఉండే బొటనవేలు, చూపుడువేలికి తగిలించుకుని గిరగిరా తిప్పే తాళంచెవి. ఇంతకాలం తర్వాత కూడా ఒళ్ళు మండింది.

ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు. మా మంచిర్యాల వైపు కాకా అంటాం. నేను అదీ అనలేదు, ఇదీ అనలేదు. మాట్లాడక తప్పనప్పుడు 'మీరు' అని ఊరుకునేదాన్ని.

రాయపూర్‌లో పండరీ బట్టల బజారుకు దగ్గర్లో, ఒక సందు చివర మా తెలుగువాళ్ళకి చిన్న హాలుంది. రేకుల కప్పు, రెండు ఫ్యాన్లు, చుట్టి మూలన నిలబెట్టిన చాపలు. రైల్వేలో పనిచేసి ఇక్కడే ఉండిపోయిన ఆంధ్రా కుటుంబాలు కట్టుకున్న హాలు అది. మాలాగా సిల్తారా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు తర్వాత చేరారు. మా ఆయనది స్పాంజ్ ఐరన్ ప్లాంటు. నేను పెళ్ళయి వచ్చేసరికి మా కాలనీ పిల్లలు కన్నతల్లిని కూడా హిందీలోనే మంచినీళ్ళు అడిగేవారు. ఇంట్లో మాట అర్థమయ్యేది, నోట్లోంచి వచ్చేది కాదు. అందుకని ఆదివారం పొద్దున హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో నాది అనుకున్న పని అదొక్కటే. అది నిలబడాలంటే హాలు తలుపు తెరుచుకోవాలి. తాళంచెవి ఆయన దగ్గరుండేది.

ఎందుకుండేదో చెప్పాలి. ఉగాది నాడు పచ్చడి తిని, భోజనాలయ్యాక హాల్లో కార్డులాడటం మావాళ్ళ పాత అలవాటు. ఆ ఆటలో గెలిచినవాళ్ళ దగ్గర మళ్ళీ ఉగాది దాకా హాలు తాళంచెవి ఉండాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తలుపు తీసి మూసే చాకిరీ ఎవరికీ ఇష్టంలేక సరదాకి పెట్టుకుని ఉంటారు. ఆయన చేతిలో పడ్డాక అందులో సరదా పోయింది.

హాలుకి ఎదురుగా పోహా, అంటే అటుకుల ఉప్మా, అమ్మే బండి ఉంది. ఆదివారం మేము వెళ్ళేసరికి ఆయన అక్కడ నిలబడి పోహా తింటూ ఉండేవాడు. మేము హాలు మెట్ల మీద. మధ్యలో సందు, అంతే. మమ్మల్ని చూసేవాడు. చూసి, ఇంకొంచెం సేవ్, అదే సన్న కారప్పూస, వెయ్యమని బండివాడికి ప్లేటు చాపేవాడు. తర్వాత జిలేబీ. జిలేబీ తిన్నాక వేళ్ళు ఒక్కొక్కటే నాకేవాడు. వైశాఖంలో రాయపూర్ ఎండ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని నిలబడేవారు. ఆయన తాళంచెవి తిప్పుకుంటూ సందు దాటి వచ్చి, "ఏటమ్మా, ముందే వచ్చీసినారా?" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే ఆశ్చర్యం. మేము ముందు రాలేదని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకు తెలుసు.

ఎందుకింత కక్ష అని మొదట్లో నన్ను నేనే అడిగాను. కక్షకి కారణం వెతకడం నా అమాయకత్వం. తన చేతిలో ఉన్నదానికోసం ఇంకొకళ్ళు ఎండలో నిలబడితే ఆయనకి హాయి. అంతకన్నా లోతు ఆయనలో లేదు. రైల్వే పార్సిల్ ఆఫీసు కిటికీ వెనక కూర్చుని రిటైరయిన మనిషి. ఆ కిటికీ పోయాక ఈ తలుపు దొరికింది.

తలుపుతో ఆగలేదు. ఒక్కొక్క ఇంటికే వెళ్ళి టీ తాగి, లేచేటప్పుడు ఒక మాట వదిలి వచ్చేవాడు. "ఆవిడ సెప్పీది తెలుగు కాదమ్మా. 'వస్తున్న, పోతున్న' అంటాది. మన పిల్లలు అదే నేర్సుకుంటే రేపు ఊరెళ్తే నవ్వుతారు." ఈయన మాట్లాడేది మాత్రం అచ్చు పుస్తకంలో రాసినట్టుంటుందన్నమాట! ఒక వారం ఇద్దరు పిల్లలు మానేశారు. ఇంకో వారం ఒక అమ్మాయి. తల్లిని అడిగితే, "డాన్స్ క్లాసుందండీ" అని కళ్ళు పక్కకి తిప్పుకునేది. ఇలాగే జరిగితే వచ్చే ఏటికి నేనూ, నా సుద్దముక్కా మిగులుతామని భయం పట్టుకుంది. ఆ తాళంచెవి నా దగ్గర ఉండి తీరాలనుకున్నాను. దానికి దారి ఆట ఒక్కటే.

ఆట మామూలు పేకాట కాదు. రమ్మీలో పందేలు, ఆ పందేల మీద తగువులు పెరిగాక కమిటీ వాళ్ళు పేకముక్కల్నే మాన్పించారు. అప్పుడు నా స్నేహితురాలు సుభద్ర తమ్ముడు బెంగళూరు నుంచి ఒక పెట్టె తెచ్చాడు. అందులో ఎవరి కార్డుల కట్టని వాళ్ళే పెంచుకుంటూ పోవాలి. మొదట అందరికీ ఒకేలాంటి చిన్న కట్ట ఇస్తారు. అందులో ఉండేవి వరికంకి బొమ్మ కార్డులు. పెట్టె మీదా కార్డుల మీదా అంతా ఇంగ్లీషు, అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. కంకి కార్డు గింజ. దానికన్నా ఎక్కువ విలువది బస్తా, ఇంకా పెద్దది గోదాం. కట్టలోంచి అయిదు కార్డులు తీసి, వాటి ధాన్యంతో మధ్యలో పరిచిన కార్డుల్లో కావలసింది కొనుక్కోవాలి. కొన్నది కూడా మన కట్టలోనే చేరుతుంది. కట్ట అయిపోతే మళ్ళీ కలిపి మళ్ళీ తీయడమే. ఇళ్ళ బొమ్మల కార్డులు అయిపోతే ఆట అయిపోతుంది. ఎవరి దగ్గర ఇళ్ళు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు.

అందులో ఒక కార్డు మీద ఒకావిడ ఇంకొకావిడ చెవిలో ఏదో ఊదుతూ ఉంటుంది. మేం దాన్ని చాడీ అన్నాం. చాడీ వేసినప్పుడల్లా మిగతా ఆటగాళ్ళంతా తలా ఒక కచరా, అంటే చెత్త కార్డు తీసుకోవాలి. కచరాతో ఏదీ కొనలేం, పైగా చివర్లో మన ఇళ్ళ లెక్కలో కోత పెడుతుంది. ఇంకొకటి పాత సామాన్లు కొనుక్కుపోయే తోపుడుబండి మనిషి బొమ్మ. దానికి కబాడీ అని పేరు. అది చేతిలో ఉంటే మనకి అక్కర్లేని కార్డుల్ని ఆటలోంచే బయటికి పారేయొచ్చు.

ఆయన కొనేది చాడీలే. బొటనవేలు నాలిక్కి రాసుకుని కార్డు లాగి, చాప మీద టప్పున కొట్టి, "తీసుకోండమ్మా, తీసుకోండి, ప్రసాదం" అని నవ్వేవాడు. మా అందరి చేతుల్లో కచరా. అయిదు కార్డుల్లో మూడు కచరా, రెండు గింజలుంటే ఏం కొంటాం? మేము దిక్కులు చూస్తుంటే ఆయన ఒక్కొక్క ఇల్లే కొనుక్కుంటూ పోయేవాడు. చివరి ఇల్లు తీసుకుని, "ఖేల్ ఖతం!" అని రుమాలుతో మెడ తుడుచుకునేవాడు. బొమ్మ చాడీలు కూడా ఇంత ఇష్టంగా వాడే మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

మొదటి ఏడాది నేను చేసిన పని ఆయన దారినే ఆయన్ని కొట్టాలనుకోవడం. నేనూ చాడీలు కొన్నాను. వేశాను. ఆయనకి కచరా వెళ్ళింది, నిజమే. కానీ చాడీ ఒక్కరికి తగిలేది కాదు. సుభద్రకీ వెళ్ళింది, నాలుగో ఆటగాడైన కమిటీ ప్రెసిడెంటు గారికీ వెళ్ళింది.

"అరే, నాకెందుకే యేస్తావు? నేనేటి సేసినాను నిన్ను?" అని సుభద్ర కార్డులు చాప మీద పడేసింది. ఆయన మాత్రం తాపీగా తన కచరాని కబాడీతో పారేసుకుంటూ కూర్చున్నాడు. ఆట అయ్యేసరికి మేము ముగ్గురం మునిగాం. "సంటిపిల్లలాటమ్మా నీది," అన్నాడు, తాళంచెవి నా కళ్ళ ముందే జేబులో వేసుకుంటూ.

ఆయనకి కబాడీ అంత బాగా ఎలా పనిచేస్తుందో నాకు అంతుపట్టలేదు. మేమూ కొనేవాళ్ళం. కానీ కట్ట లావెక్కిపోయి ఉండేది కదా, కబాడీ మా చేతికి వచ్చేసరికి కచరా రెండింతలయ్యేది. ఆయన చేతికి ఇట్టే వచ్చేది. చేతిలో ఏదో మంత్రం ఉందని సుభద్ర నమ్మేది.

మంత్రం రుమాలు కింద ఉంది. ఆటయ్యాక చాపలెత్తి ఊడ్చేది నేనే. ఆ ఉగాదికి ఆయన ఎవరితోనో మాట్లాడుతూ గుమ్మం దాటాడు, రుమాలు మర్చిపోయాడు. ఆట సాగినంతసేపూ ఎడమ మోకాలి పక్కన పరిచి ఉంచే గళ్ళ రుమాలు. తీశాను. దాని కింద, బోర్లించి, చక్కగా సర్దిన కార్డులు. కచరా కొన్ని. మిగతావన్నీ గింజలు. ఆటలో మొదట మాకందరికీ ఇచ్చిన గింజల్లో ఆయన తన వాటాని ఒక్కటి మిగల్చకుండా పారేసుకున్నాడు!

ఇందులో తప్పేముందని అడగొచ్చు. ఆట పద్ధతిలో తప్పేం లేదు. గింజలు ముందుకి పనికిరావు. అవి పోతే కట్ట సన్నబడుతుంది, మంచి కార్డులు వెంటవెంటనే చేతికొస్తాయి. కానీ మాలో ఎవ్వరం గింజ పారేసేవాళ్ళం కాదు. బియ్యపు గింజ కాలికి తగిలితే తీసి కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగాం. కంకి బొమ్మ కార్డు చేతిలోంచి జారి కింద పడినా అంతే, చెయ్యి దానంతటదే కళ్ళ దగ్గరికి వెళ్ళేది. ఒకసారి సుభద్ర కబాడీ వేసి గింజని పక్కన పెట్టబోయింది. ఆయన గట్టిగా అరిచాడు. "గింజని పారీస్తావేటమ్మా? అన్నం పెట్టీదాన్ని పారీస్తే కళ్ళు పోతాయి!" సుభద్ర భయపడి దాన్ని వెనక్కి లాక్కుని, కళ్ళకద్దుకుని, లెంపలు కూడా వేసుకుంది. ఆ తర్వాత ఇంకెవరూ ప్రయత్నించలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఈయన మోకాలి పక్కన రుమాలు పరిచే ఉంది.

చాప మధ్యలో ఆ గింజలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. తాళంచెవి దక్కనందుకు కూడా నాకంత కోపం రాలేదు. మా భక్తిని మా కాళ్ళకే బంధంగా వేశాడు. అమ్మ నేర్పిన మర్యాదని పట్టుకుని మమ్మల్ని ఏటేటా ఓడించాడు. రుమాలు ఉతికి ఆరేసి, ఆ తర్వాతి ఆదివారం మెట్ల మీద ఆయన చేతికే ఇచ్చాను. గింజల సంగతి నాలోనే దాచుకున్నాను. ఆయన నా మొహం వంక ఒకసారి చూశాడు.

మరుసటి ఉగాది దాకా ఆ మెట్ల మీద అలాగే నిలబడ్డాం. క్లాసుకి పిల్లలు ఒక చాప నిండేంతమంది కూడా లేరు.

ఉగాది వచ్చింది. అదే నలుగురం కూర్చున్నాం. చుట్టూ ఆడవాళ్ళు, తమలపాకులు, పిల్లల గోల. నేను చాడీ వైపు చూడలేదు. మొదట కబాడీ కొన్నాను. అది చేతికి రాగానే రెండు గింజలు తీసి, బోర్లించకుండా, అందరికీ కనపడేలా చాప మధ్యలో వేశాను. నిజం చెప్పొద్దూ, కళ్ళకద్దుకుందామనే అనిపించింది. ఆపుకున్నాను.

"హాయ్ రామ్, గింజలే!" అంది సుభద్ర.

ఆయన బొటనవేలు నోటి దగ్గరే ఆగింది. "పండగ పూట ఇదేటమ్మా? కళ్ళు పోతాయి."

"పోతే నాయే పోతయ్ గదా," అన్నాను. "మీ రుమాలు లేపుండ్రి. దాని కింద ఎన్నేండ్ల సంది ఎన్ని గింజలు పోయినయో అందరు చూస్తరు."

ప్రెసిడెంటు గారు మొహమాటపడుతూ చెయ్యి చాపి రుమాలు అంచు ఎత్తారు. కింద అప్పటికే ఒక గింజ ఉంది. ఆయన రుమాలు లాక్కుని, "ఆటన్నాక ఆడతాం. ఏటి, పూజ సేస్తామా?" అన్నాడు. సుభద్ర ఆయన వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. లెంపలు వేసుకున్న పిల్ల కదా అది.

ఆ తర్వాత ఆయన కోపంతో ఆడాడు. ఉన్న చాడీలన్నీ కొనేశాడు. వేసిందే వేశాడు. నేను కచరా తీసుకోవడం, కబాడీకి వెయ్యడం. గింజలన్నీ వదిలించుకున్నాక నా కట్టలో గుప్పెడు కార్డులే, అందుకని కబాడీ తిరిగి తిరిగి నా చేతికే వచ్చేది. ఇళ్ళ జోలికి తొందరపడి పోలేదు. బస్తాలు కొన్నాను, వాటితో రెండు గోదాములు కొన్నాను. ఒక పక్క సుభద్ర కూడా పంతం పట్టి తన గింజలు పారేయడం మొదలుపెట్టింది. పారేసే ముందు ఒక్కొక్కదాన్నీ కళ్ళకద్దుకుని మరీ పారేసింది.

నాకు కావలసిన ఘడియ మెల్లగా వచ్చింది. ఆయన ఇంకొక చాడీ టప్పున కొట్టి, "తీసుకోండమ్మా," అన్నాడు. తీసుకోవడానికి ఏమీ లేదు. కచరా దొంతర ఖాళీ. పంచడానికి చెత్త లేకపోతే చాడీ వట్టి అట్టముక్క. ఆయన కట్ట నిండా అవే. అయిదు తీస్తే మూడు చాడీలే, కొనడానికి ధాన్యం లేదు. అప్పుడు నేను ఇళ్ళు కొనడం మొదలుపెట్టాను. ఆయన తీసిన ప్రతి అయిదు కార్డులూ చూసుకుని, వేలు తడుపుకుని, మళ్ళీ చూసుకునేవాడు. చివరి ఇల్లు నేనే తీశాను. "ఖేల్ ఖతం" అనాలని ఏడాదంతా అనుకున్నాను. తీరా ఆ మాట ఆయన ఎంగిలిలా అనిపించి అనలేదు.

తాళంచెవిని నా చేతిలో పెట్టలేదు. చాప మీద పెట్టి, ఒక కార్డు అంచుతో నా వైపుకి నెట్టాడు. "ఏడాదికే కదమ్మా," అన్నాడు. కానీ మళ్ళీ ఉగాదికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఈసారి ఇంటింటికీ తిరిగి, గింజలు పారేసినవాళ్ళ చేతిలో హాలుందని చెప్పాడట. ఒక వానాకాలం గాలికి రేకు ఒకటి లేచిపోతే, "సూసినారా?" అన్నాడట. రేకు వేయించాం. పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. నిరుడు నాలుగు చాపలు నిండాయి. బాగా ఆడేవాడని ఒప్పుకుంటాను. ఇంకేం ఒప్పుకోను.

వార్త వచ్చిన సాయంత్రం వాళ్ళబ్బాయి ఫోను చేశాడు. ఆదివారం పొద్దున హాల్లో సంతాప సభ పెట్టుకుంటామన్నాడు. "అప్పుడు పిల్లల క్లాసుంటది. అయినంక రాండ్రి," అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాను. లోపల ఏదో సంతోషం లేచింది, దాచడం ఎందుకు.

వాళ్ళు ముందే వచ్చారు. పిల్లల చేత గుణింతం చదివిస్తున్నాను. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద జనం, ఒక కుర్చీలో ఆయన ఫోటో. దండ ఎండకి అప్పుడే వడిలింది. కాసేపు అలాగే ఉండనిద్దామనుకున్నాను. ఎదురుగా పోహా బండి కూడా ఉంది. వెళ్ళి ఒక ప్లేటు చెప్పి తీరిగ్గా తిందామా అన్న ఊహ వచ్చింది, ఎంత తియ్యగా వచ్చిందో! అప్పుడు ఆయన భార్య కనపడింది. కొంగు నెత్తిన వేసుకుని, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆవిడ వెనక సుభద్ర. ఫోటోకి ఎండేమిటి, దాహమేమిటి. నేను వేసిన చాడీ మళ్ళీ ఆయనకి తప్ప అందరికీ తగులుతోంది. లేచి తలుపు తీశాను.

ఆవిడ లోపలికి వస్తూ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు బేగినే తీసినావమ్మా. ఆయనున్నప్పుడు నేనూ ఈ మెట్టు మీదే నిలబడీదాన్ని, పోహా తినీదాకా." ఏడుపు లేదు ఆ మాటలో. పిల్లలు జరిగి చోటిచ్చారు. ఆవిడని ఫ్యాను కింద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

అందరూ రెండేసి మాటలు చెప్పారు. సరదా మనిషన్నారు, హాలుకి వెలుగన్నారు. వాళ్ళబ్బాయి నా దగ్గరికి వచ్చి, "ఆంటీజీ, మీరు కూడా కుఛ్ బోలియే," అన్నాడు. తల అడ్డంగా ఊపాను. తల్లి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

అందరూ వెళ్ళాక నేనూ సుభద్రా చాపలు చుట్టాం. రాలిన బంతి రేకులు ఊడ్చాను. సుభద్ర తలుపు దగ్గర నిలబడి, "ఛోడ్ దేవే ఇంక. సచ్చిపోనాడు కదా. ఆ కోపం ఎన్నాళ్ళు మోస్తావు? కబాడీకి యేసీ," అంది.

"కచరా అయితే ఎప్పుడో ఏసేదాన్ని," అన్నాను. "ఇది గింజ. పారేస్తే కళ్ళు పోతయ్."

తాళం వేసి, చెవి కొంగుకి ముడివేసుకున్నాను.